ఫోన్ పక్కన పెట్టి పెన్ టాబ్లెట్ పట్టుకోవాలనుకునే మగ్గం వర్క్ వాళ్లకు

మన పనిలో ఉన్నవాళ్లకి సోషల్ మీడియా మానేయమని ఎవరైనా చెబితే కోపం వస్తుంది. సగం గిరాకీ అక్కణ్నుంచే కదా వచ్చేది. అయినా ఒక మాట చెప్పుకోవాలి. శ్రావణమాసం ముందు కొట్లో కూర్చుంటే వచ్చిన ప్రతి అమ్మాయీ ఫోన్ తీసి, "అక్కా, అచ్చం ఇలాగే కావాలి" అంటుంది. ఆ రీల్‌లో ఉన్న జాకెట్టు ఎవరో ఎక్కడో చూసి కుట్టింది. మనం దాన్ని చూసి కుడతాం, మనది చూసి ఇంకొకరు కుడతారు. అదే నెమలి, అదే ఏనుగు, అదే కుండీలో తీగ. రోజూ రాత్రి పడుకునేముందు వంద డిజైన్లు చూసి, పదిహేను సేవ్ చేసుకుని, ఒక్కటీ సొంతంగా గీయకుండా నిద్రపోయేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను రాజమండ్రిలో మగ్గం వర్క్ డిజైన్లు గీసి కుట్టించి ఇస్తుంటాను. ఇప్పుడు నా గీతంతా పెన్ టాబ్లెట్ మీదే.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. రీల్స్ మానేద్దాం అని ఒట్టు పెట్టుకుంటే నిలవదు. రాత్రి అన్నాలయ్యాక తొమ్మిదింటికి చెయ్యి ఫోన్ మీదకి పోతుంది కదా, సరిగ్గా ఆ తొమ్మిదింటికే చేతికి ఇంకో పని పెట్టాలి. ఆ పని చేసే వస్తువులో ఇన్‌స్టాగ్రామ్ ఉండకూడదు. ఈ రెండూ కుదిరితే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

ముందు ఫోన్ సంగతి

అకౌంట్ డిలీట్ చేయకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో డిలీట్ కొట్టాక 30 రోజుల్లోపు మళ్లీ లాగిన్ అయితే తిరిగి వస్తుంది, ఆ గడువు దాటితే ఫొటోలూ ఫాలోయర్లూ అన్నీ పోయినట్టే. మన కస్టమర్ల పాత మెసేజ్‌లు, కొలతలు, అడ్వాన్సు లెక్కలు అందులోనే ఉంటాయి. ఏం చేసినా చేయకపోయినా, సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్‌కి వెళ్లి మీ సమాచారమంతా ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

తర్వాత ఫోన్‌లోంచి యాప్ తీసేయండి. అకౌంట్ అలాగే ఉంటుంది, యాప్ ఒక్కటే పోతుంది. అవసరమైనప్పుడు లాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి లాగిన్ అవ్వచ్చు. పాస్‌వర్డ్ కొట్టి, ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లాలంటే ఆ కాస్త శ్రమకే సగం కోరిక చల్లారిపోతుంది.

యాప్ తీసేయడం మరీ కష్టమనిపిస్తే ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది. అందులో ఒక్కో యాప్‌కి రోజుకి ఇన్ని నిమిషాలని టైమర్ పెట్టచ్చు. ఐఫోన్‌లో అదే పని స్క్రీన్ టైమ్ చేస్తుంది. నా అభిప్రాయంలో యాప్ తీసేయడమే మేలు. టైమర్ పెట్టింది మనమే, దాన్ని పెంచేదీ మనమే.

యూట్యూబ్‌ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మగ్గం వీడియోలు నేర్చుకోవడానికే చూస్తున్నాం అనుకుంటూ షార్ట్స్‌లో గంట గడిపేస్తాం. దానికో మంచి ఉపాయం ఉంది. వాచ్ హిస్టరీ ఆపేసి, పాతదంతా చెరిపేయండి. హోమ్ పేజీలో సిఫార్సులు రావడం ఆగిపోతుంది. కావలసింది వెతుక్కుని చూసి బయటికి వచ్చేయచ్చు.

వాట్సాప్ మాత్రం మనకి అంగడి లాంటిది, మూసేయలేం. బిజినెస్ యాప్ పెట్టుకుంటే కాటలాగ్‌లో పది, పదిహేను జాకెట్ల ఫొటోలు పెట్టచ్చు. మనం చూడనప్పుడు దానంతటదే జవాబు పంపే 'అవే మెసేజ్' (away message) ఆప్షన్‌లో "సాయంత్రం 6 తర్వాత వచ్చిన మెసేజ్‌లకి రేపు ఉదయం జవాబిస్తాను, అర్జంటైతే ఫోన్ చేయండి" అని రాసి పెట్టండి. నిజంగా అర్జంటున్నవాళ్లు ఫోన్ చేస్తారు. మిగతావాళ్లు ఉదయం దాకా ఆగుతారు, ఏ ఆర్డరూ పోదు. చుట్టాల గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపులు ఆర్కైవ్‌లోకి నెట్టి, మ్యూట్‌లో ఆల్వేస్ పెట్టేయండి. పెద్దత్తయ్యగారు గుడ్ మార్నింగ్‌కి జవాబు రాలేదని అంటే, మీరే ఆదివారం ఫోన్ చేసి మాట్లాడండి, ఆవిడకీ అదే సంతోషం.

ఏ టాబ్లెట్ కొనాలి

టాబ్లెట్ అనగానే కొట్టువాళ్లు మూడు రకాలు చూపిస్తారు. ఐప్యాడ్, సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ లాంటివి ఒక రకం, వాటికవే కంప్యూటర్లు. తెర మీదే నేరుగా గీసే పెన్ డిస్‌ప్లేలు రెండో రకం, వాటిని కంప్యూటర్‌కి తగిలించాలి. మూడోది పెన్ టాబ్లెట్, అంటే తెర లేని నల్లటి పలక. దాన్ని లాప్‌టాప్‌కి తగిలించి, పలక మీద పెన్నుతో గీస్తే గీత లాప్‌టాప్ తెర మీద పడుతుంది.

సోషల్ మీడియాకి దూరం కావాలనుకునేవాళ్లు మూడోదే కొనండి. ఐప్యాడ్ గొప్ప వస్తువే, దాని మీద గీత హాయిగా వస్తుంది. కానీ కొన్న రోజే అందులో ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఇంకా పెద్ద తెర మీద వచ్చి కూర్చుంటాయి. తెర లేని పలకలో చూడటానికి ఏమీ ఉండదు, గీయడమొక్కటే ఉంటుంది. పైగా ఐప్యాడ్‌కీ దాని పెన్సిల్‌కీ పెట్టే డబ్బులో చిన్న వంతుకే వచ్చేస్తుంది. వాకామ్, హుయాన్, ఎక్స్‌పీ పెన్ కంపెనీలవి మన దగ్గర ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

సైజు విషయంలో పొదుపు చేయకండి. చిన్నవి గీసే చోటు 6 అంగుళాలకి 4 అంగుళాలు ఉంటుంది, మధ్య రకం దాదాపు 10 అంగుళాలకి 6. మన పనిలో పొడుగాటి తీగలు, మెడ చుట్టూ తిరిగే వంపులు ఎక్కువ. అవి మణికట్టుతో వచ్చేవి కావు, మోచేయి కదలాలి. మధ్య సైజే తీసుకోండి. డబ్బా మీద 8192 ప్రెషర్ లెవెల్స్ (పెన్ను నొక్కే బలాన్ని ఎన్ని మెట్లుగా పసిగడుతుందో ఆ లెక్క) అని గొప్పగా రాసి ఉంటుంది, 4096 ఉన్నా మన పనికి తేడా తెలియదు. పెన్నుకి బ్యాటరీ అక్కర్లేని రకమా కాదా అన్నది మాత్రం తప్పకుండా చూడండి. ఆ రకంలో పలక లోపల ఉన్న తీగచుట్టలు విద్యుదయస్కాంత క్షేత్రం పుట్టిస్తాయి, పెన్నుకి కావలసిన శక్తి దాన్నుంచే అందుతుంది. చార్జింగ్ గొడవ లేదు, పెన్ను కూడా తేలిగ్గా ఉంటుంది.

తెచ్చిన రోజు సాయంత్రం

డబ్బా విప్పగానే గీయాలనిపిస్తుంది. ముందు డ్రైవర్, అంటే లాప్‌టాప్ పలకని గుర్తుపట్టడానికి కావలసిన సాఫ్ట్‌వేర్, దాని పని చూడండి. కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే మీ మోడల్ పేరు చూసుకుని దించుకోండి. ఇంతకుముందు వేరే టాబ్లెట్ వాడి ఉంటే దాని డ్రైవర్ తీసేసి, లాప్‌టాప్ ఒకసారి రీస్టార్ట్ చేసి, అప్పుడు కొత్తది వేయండి. రెండు డ్రైవర్లు ఒకచోట ఉంటే గీత ఎగిరిపడుతుంది, లేదా ఎంత నొక్కినా ఒకే లావులో వస్తుంది.

డ్రైవర్ తెరిచాక ఒకే ఒక్క సెట్టింగ్ ముఖ్యం. పలక మీద గీసే చోటు ఆకారం, తెర ఆకారం ఒకటిగా ఉండాలి. ఇప్పటి లాప్‌టాప్ తెరలు ఎక్కువగా 16:9 లేదా 16:10. పలక ఆకారం వేరైతే మీరు గుండ్రంగా గీసిన చక్రం తెర మీద కోడిగుడ్డులా వస్తుంది. ఏరియా లేదా మ్యాపింగ్ అన్న చోట తెర నిష్పత్తికి సరిపెట్టే బటన్ ఉంటుంది, అది నొక్కండి. ఎడమచేతి వాటం వాళ్లకి పలకని తిప్పి పెట్టుకునే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది.

గీయడానికి క్రిటా వేసుకోండి. కేడీఈ అనే స్వచ్ఛంద సముదాయం తయారు చేసే సాఫ్ట్‌వేర్ ఇది, క్రిటా సొంత వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. నెలనెలా కట్టేదేం లేదు. లోపలికి వెళ్లాక సెట్టింగ్స్‌లో కన్ఫిగర్ క్రిటా, అందులో టాబ్లెట్ సెట్టింగ్స్ తెరవండి. నొక్కినకొద్దీ గీత లావెక్కకపోతే అక్కడ విన్‌టాబ్, విండోస్ ఇంక్ అని రెండు దారులుంటాయి, ఒకటి పని చేయకపోతే రెండోది పెట్టి క్రిటా మూసి మళ్లీ తెరవండి. అదే చోట ప్రెషర్ కర్వ్ ఉంటుంది. ఆరి సూది పట్టి పట్టి మన చేయి తేలికపడి ఉంటుంది, నొక్కడం అలవాటుండదు. ఆ వంపు మధ్యభాగాన్ని కాస్త పైకి లాగితే తేలిగ్గా తాకినా గీత నిండుగా వస్తుంది.

ఇదంతా అయ్యాక లాప్‌టాప్ వైఫై ఆపేయండి. క్రిటాకి నెట్ అక్కర్లేదు.

చేయి అలవాటు పడే దాకా

చేయి ఒకచోట, కన్ను ఇంకోచోట ఉండటం మొదట్లో అందరికీ ఇబ్బందే. కొందరు అక్కడే విసుగెత్తి పలకని అటక ఎక్కిస్తారు. కాబట్టి మొదటి వారం డిజైన్లు గీయొద్దు, చేతిని తిప్పండి చాలు. పలకని లాప్‌టాప్‌కి పక్కగా కాకుండా సరిగ్గా ముందు, మీ ఒంటికి మధ్యగా పెట్టుకోండి. పక్కకి పెడితే గీతలన్నీ ఒకవైపుకి వాలిపోతాయి. పెన్ను పలకకి ఒక సెంటీమీటరు ఎత్తులో ఉన్నా తెర మీద కర్సర్ కదులుతుంది. తాకకుండా గాల్లోనే ఒకసారి వంపు తిప్పి చూసుకుని, తర్వాత ఆనించండి.

అడ్డగీతలు, నిలువుగీతలు, ఎనిమిది అంకెలు అందరూ చెప్పేవే. మనకి అంతకంటే మంచి కసరత్తు చేతిలోనే ఉంది. అక్షరాలు రాయండి. అ, ఱ, ఞ, క్ష, ఋ. ఒక్కో అక్షరం అరచేయంత పెద్దదిగా, వీలైనంతవరకు పెన్ను ఎత్తకుండా రాయండి. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి, 'ఞ' శుభ్రంగా వచ్చిన చేతికి మామిడి పింద కష్టం కాదు. కళ్లు తెర మీదే ఉండాలి, పలక వైపు చూడకూడదు.

గీత వణుకుతుంటే బ్రష్ తీసుకున్నప్పుడు టూల్ ఆప్షన్స్‌లో బ్రష్ స్మూతింగ్ చూడండి. వెయిటెడ్ పెడితే గీత కాస్త వెనక వస్తుంది కానీ వంపు నున్నగా ఉంటుంది. పొడుగు తీగలకి స్టెబిలైజర్ బాగుంటుంది. చిన్న చిన్న ఆకులకి మాత్రం రెండూ తీసేయండి, లేకపోతే ఆకు కొస మొద్దుబారుతుంది.

పెన్ను మీదున్న రెండు బటన్లలో ఒకదానికి అన్‌డూ పెట్టుకోండి. కానీ ప్రతి గీతకీ అది నొక్కకండి. పది సార్లు చెరిపి గీసినదానికంటే, అదే కాగితం మీద పక్కపక్కనే పదిసార్లు గీసి అందులో మంచిది ఏరుకున్నదే బాగుంటుంది.

మిల్లీమీటర్ల లెక్క

ఇక్కడ మాత్రం కాస్త నిదానించండి, మగ్గం వాళ్లకి టాబ్లెట్ వల్ల అసలు లాభం ఇదే. కొత్త ఫైల్ తెరిచేటప్పుడు ఎ3 సైజు, 300 రిజల్యూషన్ (అంగుళానికి 300 పిక్సెల్స్, అంటే చుక్కలు) పెట్టండి. వెనక మెడ డిజైన్ అందులో పట్టేస్తుంది. అప్పుడు ఒక మిల్లీమీటరు అంటే దాదాపు 12 పిక్సెల్స్. అంటే 12 సైజు బ్రష్‌తో గీసిన గీత, కాగితం మీద ఒక మిల్లీమీటరు జరీ వరుసంత లావుంటుంది. 2 మిల్లీమీటర్ల పూసకి 24, 4 మిల్లీమీటర్ల కుందన్‌కి 47. ఈ మూడు సైజుల్లో మూడు బ్రష్‌లు సిద్ధంగా పెట్టుకుంటే, గీస్తున్నప్పుడే ఎన్ని కుందన్‌లు పడతాయో, రెండు వరుసల మధ్య సూది తిరిగే చోటు మిగులుతుందో లేదో తెలిసిపోతుంది. కస్టమర్‌కి రేటు చెప్పేముందు కుందన్‌లు లెక్కపెట్టి చెప్పచ్చు.

మామిడి పింద గీసి చూడండి. లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పరిచిన బటర్ పేపర్ల లాంటివి. కింది లేయర్‌లో లేత నీలం రంగుతో పైపైన ఆకారం వేయండి, ఆ గీత పలచబడేలా లేయర్ ఒపాసిటీ తగ్గించండి. పైన కొత్త లేయర్ వేసుకుని 12 సైజు బ్రష్‌తో కొస దగ్గర మొదలుపెట్టి పొట్ట మీదుగా ఒకే ఊపులో తిరిగి కొసకి రండి. లోపల రెండో వరుస వేసేటప్పుడు పొట్ట దగ్గర సందు వెడల్పుగా, కొస దగ్గర సన్నగా వదలండి. ఆ సందులోనే పూసలు పెద్దవి నుంచి చిన్నవిగా దిగుతాయి. కాగితం మీద ఇది కంటి అంచనాతో చేసేవాళ్లం, ఇక్కడ కొలిచి చేస్తున్నాం.

మెడ డిజైన్‌కి సగమే గీయండి, మిర్రర్ టూల్ పెడితే రెండో సగం అదే పడుతుంది. గుండ్రటి బుటాకి మల్టీబ్రష్ తీసుకుని ఎనిమిది భాగాలు పెడితే, ఒక రేక గీస్తే ఎనిమిది రేకలూ వస్తాయి. చేతుల అంచుకి వచ్చే బార్డర్‌కి కీబోర్డ్ మీద డబ్ల్యూ నొక్కండి. కుడి అంచులో బయటికి పోయిన తీగ ఎడమ అంచులోంచి లోపలికి వస్తుంది, అతుకు కనిపించకుండా ఎంత పొడుగైనా పరుచుకోవచ్చు. రెండో చేతికి మళ్లీ గీయక్కర్లేదు, బటర్ పేపర్ తిప్పి అద్దుకుంటే సరిపోతుంది, అది మనకి తెలిసిన పనే.

లాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీనే ఉంటే ఎ3 ఫైల్ మొరాయిస్తుంది. నిండుగా ఉన్న ఒక్కో లేయర్‌కి దాదాపు 70 ఎంబీ పడుతుంది. అలాంటప్పుడు రిజల్యూషన్ 150 పెట్టుకుని, ఇక్కడి పిక్సెల్ లెక్కలన్నీ సగం చేసుకోండి. బటర్ పేపర్ మీద సూదితో చిల్లులు పొడవడానికి అది చాలు.

గీసింది పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేసి ప్రింటు షాపుకి తీసుకెళ్లండి. అక్కడ ఒక ప్రమాదం ఉంది. షాపువాళ్లు అలవాటుగా ఫిట్ టు పేజ్ కొడతారు, డిజైన్ కొద్దిగా చిన్నదైపోతుంది, కుట్టాక మెడ పట్టదు. యాక్చువల్ సైజ్ అని గట్టిగా చెప్పండి. ఇంకా నమ్మకం కోసం ఫైల్‌లో ఒక మూల 590 పిక్సెల్స్ పొడుగు గీత గీసి పెట్టండి, అది సరిగ్గా 5 సెంటీమీటర్లు. ప్రింటు చేతికి రాగానే టేపు పెట్టి కొలవండి. సరిపోతేనే దాని మీద బటర్ పేపర్ పరిచి గీసుకుని, చిల్లులు పొడిచి, జింక్ పౌడర్, కిరోసిన్ అద్దండి.

ఒరిజినల్ ఫైల్‌ని క్రిటా సొంత రూపమైన కేఆర్ఏ (.kra) లోనే దాచండి, లేయర్లు అలాగే ఉంటాయి. ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి.

మరి చూడటానికేం ఉండాలి

సేవ్ చేసుకున్న డిజైన్లు లేకపోతే ఏం చూసి గీయాలి అని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్నే. చూడకుండా ఎవరూ గీయలేరు. కాకపోతే ఎవరో కుట్టేసిన జాకెట్టుని మళ్లీ చూడటం కంటే, అది ఎక్కణ్నుంచి పుట్టిందో అక్కడికి వెళ్లడం మంచిది. లేపాక్షి వీరభద్రస్వామి గుళ్లో లతా మండపం స్తంభాలు చూసే ఉంటారు. ఒక్కో స్తంభం మీద ఒక్కో రకం తీగ, పువ్వు, హంస. చీరల అంచులు నేసేవాళ్లు వాటినే తీసుకుంటారు. ఆ గుడి కప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మల్లో మనుషులు కట్టుకున్న బట్టల మీదే ఎన్నెన్ని రకాల గళ్లు, చారలు, బుటాలు! ఒక్క ప్రయాణంలో ఏడాదికి సరిపడా సరుకు దొరుకుతుంది.

అంత దూరం ఎందుకు, మా ఊళ్లో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆయన 1897లో పుట్టి 1925లో పోయాడు, మూడు పదులు కూడా నిండలేదు. ఆయన బొమ్మల్లో ఆడవాళ్ల చీర మడత ఎలా పడిందో, అంచు ఎక్కడ విరిగి ఎక్కడ మళ్లీ కనిపించిందో దగ్గరగా నిలబడి చూడండి. జాకెట్టు చేతి మీద డిజైన్ కూడా అలాగే ఒంటి మీద వంగుతుంది. బల్ల మీద పరిచినప్పుడు బాగున్నది చేయి మడిస్తే బాగుండకపోవచ్చు, అది ఫొటోలో ఎప్పటికీ తెలియదు. ఇంట్లో అమ్మమ్మ పెళ్లి చీర ఉంటే అది చాలు, అంచు మీద కాగితం వేసి పెన్సిల్‌తో రుద్ది తీసుకోండి. చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో వేసుకున్న ముక్కలే రాత్రి పలక మీద పెద్దవవుతాయి.

ఆదివారం గంట

గిరాకీ కోసం పేజీ బతికే ఉండాలి కాబట్టి వారానికొక గంట దానికి కేటాయించండి. ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్‌లో లాగిన్ అవ్వండి, మెసేజ్‌లకి జవాబులివ్వండి, ఫొటోలు పెట్టండి, లాగౌట్ కొట్టండి. బయోలో "ఆర్డర్లకి వాట్సాప్ చేయండి" అని నంబరు ఉంటే రోజూ చూడక్కర్లేదు.

ఆ గంటలో పెట్టేవి కుట్టి పూర్తయిన జాకెట్ల ఫొటోలే అయి ఉండాలి. సగం గీసిన డిజైన్లు, పలక మీద గీస్తున్న వీడియోలు పెట్టకండి. పెట్టిన మరుక్షణం నుంచి ఎన్ని లైకులొచ్చాయా అని మనసు లాగుతుంది. తర్వాతి గీత ఆ లైకుల కోసం గీస్తాం, మళ్లీ అదే నెమలి దగ్గరికి వచ్చి ఆగుతాం. కస్టమర్‌కి డిజైన్ చూపించాల్సి వస్తే కొట్టుకి పిలిచి లాప్‌టాప్‌లో చూపించండి. ఆమె "ఈ పువ్వు కొంచెం పెద్దది చేయండక్కా" అంటే అక్కడికక్కడే చేసి చూపించచ్చు. అడ్వాన్సు కూడా అప్పుడే ఇచ్చి వెళ్తారు.